తొలగించిన వైరస్‌ల సంఖ్య

ఆషాఢమాసంలో పెళ్ళి శుభలేఖ వస్తే మామూలు మనుషులెవరైనా ఉలిక్కిపడతారు. రాష్ట్ర దస్త్రాల శాఖ వారి పెద్దాఫీసులో మాత్రం ఎవరూ పడలేదు. శుభలేఖ ఈ-మెయిల్లో వచ్చింది. పెళ్ళికొడుకెవరో, పెళ్ళికూతురెవరో తెలియకపోయినా, భోజనాలెక్కడో చూద్దామని ఒక పెద్ద అధికారి దాన్ని నొక్కాడు. మధ్యాహ్నం టీ వచ్చేలోపల శాఖవారి పదకొండేళ్ళ లెక్కలు మాయమయ్యాయి.

ఆ శాఖ సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. మిగతా శాఖల్లో ఎన్ని ఫైళ్ళున్నాయో లెక్కపెట్టి, ఆ లెక్కకు తానొక ఫైలు తెరవడం దాని పని. కాబట్టి ఆ లెక్కలు పోయినందువల్ల రాష్ట్రంలో ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. ఎవరికీ ఇబ్బంది కలగకపోవడం శాఖకు మహా అవమానంగా తోచింది. వెంటనే విచారణ జరిగింది. నొక్కినాయన హోదా దృష్ట్యా తప్పు ఆయనది కాదని తేలింది. వైరస్ ఎవరో చిన్న ఉద్యోగి ఇంటి కంప్యూటర్లోంచి వచ్చి ఉంటుందని కూడా తేలింది. దాంతో ‘ఇంటింటా నిర్మలం’ అనే ఉద్యమం పుట్టి, సర్క్యులర్ రూపంలో ఒంగోలు ప్రాంతీయ కార్యాలయానికి చేరింది.

‘ప్రతి ఉద్యోగియు తన గృహమందలి కంప్యూటరును వైరస్ విముక్తము గావించి, అట్లు గావించినట్లు నమూనా 9-క యందు ధ్రువీకరణ సమర్పించవలెను. సదరు ధ్రువీకరణ లేనియెడల సెలవు, బదిలీ వగైరా ఏ దరఖాస్తూ స్వీకరించబడదు. కంప్యూటరు లేనివారు లేదని వ్రాసి ఇచ్చిన చాలును.’

ఆ కార్యాలయంలో నలభై ఇద్దరు ఉద్యోగులుంటే, సాయంత్రానికి ముప్పైమంది ఇళ్ళల్లో కంప్యూటర్లు లేకుండా పోయాయి. సీనియర్ అసిస్టెంట్ హైమావతికి ఆ వీలు లేదు. ఏటా ఇచ్చే ఆస్తి ప్రకటనలో ఆవిడ నిజాయితీగా రాసుకుంది: బంగారు గాజులు రెండు జతలు, కుట్టుమిషను ఒకటి, కంప్యూటరు ఒకటి.

హైమావతికి ఆ 9-క ప్రాణావసరం. ఆవిడ భర్త ముక్తేశ్వరరావు పార్వతీపురం ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. పెళ్ళై అయిదేళ్ళు. అందులో నాలుగేళ్ళు ఆవిడ ఇక్కడ, ఆయన అక్కడ. నెలకు రెండు ఆదివారాల కాపురం, రైలు ఆలస్యమైతే ఒకటిన్నర. పోట్లాడుకోవాలన్నా ఫోన్లోనే. సరిగ్గా ఆవిడ మాట నెగ్గబోయే సమయానికి సిగ్నల్ పోయేది. రైల్లో కొత్త గొడుగు మరిచిపోయింది ఎవరన్న తగాదా రెండేళ్ళ కిందట మొదలై ఇంతవరకూ తేలలేదు. భార్యాభర్తల కోటా బదిలీల్లో ఈసారి మొదటి పేరు ఆవిడదే. ఈ నెల ముప్పైలోగా దరఖాస్తు పడాలి. పడకపోతే పేరు కొట్టేస్తారు, మళ్ళీ రెండేళ్ళకు గానీ జాబితా రాదు.

*

హైమావతి ఇంటి కంప్యూటరుకు ఎనిమిదేళ్ళు. స్విచ్ వేసి, బియ్యం కడిగి, కుక్కర్ పెట్టి, మూడు విజిల్స్ అయ్యాక వెళ్తే అప్పుడు కళ్ళు తెరిచేది. రిపేరు షాపతను మూత కూడా విప్పకుండా “అవతల పారెయ్యండి మేడం” అన్నాడు. ముక్తేశ్వరరావు మాత్రం కిందటిసారి వచ్చినప్పుడు ఒక పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి వెళ్ళాడు.

“దీంట్లో లినక్స్ ఉంది, కంప్యూటరును నడిపించే సాఫ్ట్‌వేరు. కొత్తవాళ్ళ కోసమే చేసిన రకం. మా ల్యాబులో అన్నీ ఇవే. ముందు ఊరికే నడిపి చూడు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకెయ్, నీ కంప్యూటర్ ఎట్లా ఉన్నది అట్లాగే ఉంటుంది” అన్నాడు.

లినక్స్ అంటే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కొట్టుకునే మేధావుల వ్యవహారమని హైమావతి విని ఉంది. ఒక ఆదివారం ధైర్యం చేసి పెన్‌డ్రైవ్ పెట్టి, స్విచ్ వేసి, అలవాటు ప్రకారం బియ్యం కడగడానికి వెళ్ళింది. కడిగి తిరిగి చూసేసరికి తెర మీద కొండలు, ఆకాశం కనబడుతున్నాయి. చెడిపోయిందనుకుంది. దగ్గరికి వెళ్తే రెండు బొత్తాలున్నాయి: ఊరికే ప్రయత్నించి చూస్తారా, కంప్యూటర్లో స్థాపించుకుంటారా? పదమూడేళ్ళ సర్వీసులో ఆవిణ్ణి ఏ యంత్రమూ, ఏ అధికారీ ఇంత మర్యాదగా ‘మీ ఇష్టం’ అనలేదు. చూస్తానని నొక్కింది.

ఆ తరువాత ఆవిడకు ఒళ్ళు తెలియలేదు. కనబడిందల్లా నొక్కింది. తెలుగు అక్షరాలు వచ్చాయి. పాటలు వచ్చాయి. రెండేళ్ళుగా మనీప్లాంటు కుండీకి పీటగా పనిచేస్తున్న ప్రింటరును కలిపి చూస్తే, అది ఏ డిస్కూ అడక్కుండా, రెండుసార్లు దగ్గి, కాగితం బయటికి తోసింది. హైమావతి కెవ్వున అరిచి ఫోన్ చేసింది.

“ఏవండీ, ప్రింటర్ బతికింది!”

“బతక్కేం చేస్తుంది? కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసింది?”

“ఇంకా పొయ్యి మీద పెట్టనే లేదండీ!”

మధ్యాహ్నానికి ‘స్థాపించు’ నొక్కేసింది. ఊరడిగింది, చెప్పింది. పేరడిగింది, చెప్పింది. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఇంత సులువుగా అయిందంటే ఇందులో ఏదో మోసం ఉంటుందని సాయంత్రందాకా ఎదురుగా కాపలా కూర్చుంది. ఏమీ జరగలేదు. ఆ సంతోషం పట్టలేక సోమవారం ఆఫీసులో చెప్పడమే ఆవిడ చేసిన పొరపాటు.

“మీ ఇంట్లో అది పరిగెత్తతా ఉందంటగా అమ్మా,” అన్నాడు సూపరింటెండెంట్ చెంచురామయ్య. “మన ఆఫీసువి చూడు, స్టేట్‌మెంటు తెరిస్తే తెల్లారతా ఉంది. ఆ కాసిని ఇంట్లో చేసుకొచ్చెయ్యరాదూ?”

బదిలీ ఫైలు ఆయన చేతిలోనే ఉంది కాబట్టి హైమావతి కాదనలేదు. కాసిని కాస్తా అన్నీ అయ్యాయి. వారం తిరక్కుండా ప్రాంతీయ కార్యాలయం లెక్కలన్నిటికీ నకళ్ళు ఆవిడ ముందుగదిలో, కుట్టుమిషను పక్కన జమపడ్డాయి.

*

9-కలో పదకొండు కాలమ్‌లున్నాయి. ఆరింటిదాకా పేరూ ఊరూ. ఏడోది ‘తొలగించిన వైరస్‌ల సంఖ్య’. హైమావతి ‘లేవు’ అని రాసి ఇచ్చింది.

చెంచురామయ్య కళ్ళజోడు సవరించుకుని చూశాడు. “ఇట్టా రాస్తే కుదర్దమ్మా. అంకె రావాల.”

“సున్నా వేస్తాను సార్.”

“సున్నా తీసుకోదు. కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు ఒకటికి తక్కువ కొడితే గడి ఎర్రగా అవుతా ఉంది. పెద్దాఫీసువాళ్ళు అట్టా చేయించారు.”

“లినక్స్‌లో అవి మామూలుగా రావు సార్. వెతికాను కూడా. ఒక్కటీ లేదు.”

“మనిషికి ఒక్కటన్నా లేకపోతే ఎట్టా అమ్మా? కోటిలింగాన్ని చూడు!”

అకౌంట్స్ కోటిలింగం ఇంటి కంప్యూటర్లో మూడువందల పన్నెండు వైరస్‌లు దొరికాయి. మూడేళ్ళుగా దాని జోలికి ఎవరూ వెళ్ళలేదట. ప్రాంతంలోనే అత్యధికంగా తొలగించినందుకు ఆయనకు శాలువా కప్పి, ఫోటో తీసి, నోటీసుబోర్డులో పెట్టారు. ఆ ఫోటో చూసి, ఇంట్లో కంప్యూటర్ లేదని రాసిచ్చినవాళ్ళలో కొందరు తమకూ ఉందని, కావలసినన్ని వైరస్‌లు కూడా ఉన్నాయని మళ్ళీ రాసిచ్చారు.

“పోనీ ఒకటని అబద్ధం రాసెయ్యనా సార్?” అంది హైమావతి నీరసంగా.

“రాయబాకమ్మా! దాని పేరు, పుట్టుపూర్వోత్తరాలు ఎనిమిదో కాలమ్‌లో పెట్టాల. తప్పు ధ్రువీకరణ అంటే సస్పెన్షనే.”

విషయం ప్రాంతీయ అధికారి విరూపాక్షరావు దగ్గరికి వెళ్ళింది. ఆయన మాట్లాడితే సగం మాట నోట్ ఫైల్లోంచి చదువుతున్నట్టు ఉంటుంది. భోజనానికి ఇంటికి ఫోన్ చేసినా ‘వంకాయ కూర విషయమై తగు చర్య తీసుకోవలసింది’ అంటాడని చెప్పుకుంటారు.

“హైమావతిగారూ, విషయమును కూలంకషంగా పరిశీలించాను,” అన్నాడాయన. “మన ఉద్యమం శుభ్రపరచుట గురించి. శుభ్రంగా ఉండుట గురించి కాదు. శుభ్రపరచబడని శుభ్రతను శాఖ గుర్తించజాలదు. అలా గుర్తించితే రేపు ప్రతివాడూ ముందే శుభ్రంగా ఉండి ఊరుకుంటాడు. ఉద్యమం గతేం కాను?”

“మరి నేనేం చేయాలి సార్?”

“ముప్పైలోగా ఒక వైరస్‌ను పొంది, తొలగించి, నివేదించండి.”

“ఎక్కడ పొందాలి సార్?”

విరూపాక్షరావు సూపరింటెండెంటు వైపు చూశాడు. చెంచురామయ్య నిబంధనలు తిరగేశాడు. ఉద్యోగి సొంతంగా సంపాదించుకుంటే, విలువైన వస్తువు ముందస్తు అనుమతి లేకుండా స్వీకరించిన నేరం కింద వస్తుంది. బయటివాళ్ళు ఇస్తే కానుక కింద వస్తుంది. అందుచేత శాఖే సమకూర్చడం మేలని తేలింది. ‘ఒంగోలు ప్రాంతీయ కార్యాలయమునకు వైరస్ మంజూరు కోరుట గురించి’ అన్న ఉత్తరం ఆ పూటే కదిలింది. ఆ శాఖ చరిత్రలో అంత వేగంగా ఏ కాగితమూ కదలలేదు. హైమావతికి ఏడవాలో నవ్వాలో తెలియక, క్యాంటీన్లో రెండు టీలు తాగి ఇంటికి వెళ్ళింది.

*

శాఖ దగ్గర వైరస్ సిద్ధంగానే ఉంది. ఆషాఢంలో వచ్చిన శుభలేఖను సాక్ష్యం కింద ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, పెద్దాఫీసు బీరువాలో దాచారు. దాన్ని రేకు పెట్టెలో పెట్టి, లక్క సీలు వేసి, ఇద్దరు గార్డులను తోడిచ్చి ఒంగోలు పంపారు. స్టాకు రిజిస్టరులో ‘వైరస్ – 1 (ఒకటి మాత్రమే)’ అని ఎక్కింది. కింద షరతులు: ‘1. వైరస్‌ను లబ్ధిదారు కంప్యూటరునందు ప్రవేశపెట్టి తొలగించవలెను. 2. పిదప చెక్కుచెదరకుండా తిరిగి అప్పగించవలెను.’

ఆఫీసు కంప్యూటర్లు చూసే మస్తాన్‌వలి అది చదివి తల గోక్కున్నాడు. “తీసేసినాక మళ్ళా ఎట్టా ఇస్తాం సార్?”

“అవి రెండు వేర్వేరు పేరాలు, మస్తాన్‌వలీ,” అన్నాడు విరూపాక్షరావు. “మొదటి పేరాను మొదట అమలుపరుద్దాం.”

ఇరవై ఎనిమిదో తేదీ మంచి ముహూర్తం చూసుకుని అందరూ హైమావతి ఇంటికి తరలివచ్చారు. విరూపాక్షరావు, చెంచురామయ్య, మస్తాన్‌వలి, మధ్యలో రేకు పెట్టె, వెనక గార్డులు. ఎదురింటివాళ్ళు పెళ్ళిచూపులా అని అడిగారు. చెంచురామయ్య వస్తూనే మంచి జరగాలని కంప్యూటరుకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టబోయాడు.

“అవి కడితే చెడు లోపలికి రాదు కదా సార్,” అంది హైమావతి భయపడుతూ. “మనకి రావాలి కదా.”

“అవున్రోయ్!” అని ఆయన నిమ్మకాయను జేబులో వేసుకున్నాడు.

సీలు పగిలింది. మస్తాన్‌వలి పెన్‌డ్రైవ్ పెట్టి, శుభలేఖను నొక్కాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. కంప్యూటరు కాసేపు ఆలోచించి, ఈ ఫైలును దేనితో తెరవాలో తనకు తెలియదనీ, దయచేసి చెప్పమనీ అడిగింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంతే వినయంగా అడిగింది.

“ప్రయాణ బడలిక కావచ్చు,” అన్నాడు విరూపాక్షరావు. “కొంత వ్యవధి ఇద్దాం.”

హైమావతి మిరపకాయ బజ్జీలు వేసింది. రెండు వాయిలు అయ్యాక చూస్తే శుభలేఖ ఎక్కడిది అక్కడే ఉంది.

“ఇది ఆ పాత సాఫ్ట్‌వేర్ కోసం రాసిన వైరస్ సార్,” అన్నాడు మస్తాన్‌వలి. “దీంట్లో దానికి పనిచేసేదానికి చోటు లేదు.”

విరూపాక్షరావు ముఖం గంభీరమైంది. “అంటే, ప్రభుత్వ ఉత్తర్వుపై విధులకు హాజరైన వైరస్‌కు మీ కంప్యూటరు సహకరించడం లేదన్నమాట. హైమావతిగారూ, ఇది విధినిర్వహణకు ఆటంకం కలిగించుట కిందికి వస్తుంది. రేపు ఉదయంలోగా దానికి తగు వసతి కల్పించండి.”

ఆ సాయంత్రం హైమావతి సిగ్గు విడిచి లినక్స్ వాడేవాళ్ళ చర్చావేదికలో ప్రశ్న పెట్టింది: ‘నేను కొత్తదాన్ని. నా కంప్యూటరుకు వైరస్ పట్టాలంటే ఏం చేయాలి?’

కొత్తవాళ్ళను ఆదరించడంలో వాళ్ళకు వాళ్ళే సాటి. నిమిషంలో బ్రెజిల్ నుంచి ఒకాయన ‘పట్టకుండా ఏం చేయాలని కదమ్మా మీ ప్రశ్న?’ అన్నాడు. కాదు, పట్టడానికే అంది. ఎందుకన్నాడు. బదిలీ కోసమంది. కాసేపటికి ఏదో దూరదేశపు పురపాలక కార్యాలయంలో గుమాస్తానని చెప్పుకున్న ఒకావిడ రాసింది: ‘నాకు అర్థమైంది. మీ ఫారం సున్నా తీసుకోదు, అవునా?’ హైమావతికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ సలహా ప్రకారం పాత సాఫ్ట్‌వేర్ లాంటి వాతావరణం కల్పించే ప్రోగ్రాం ఒకటి ఎక్కించి, శుభలేఖను బతిమాలి నొక్కింది. ఈసారి తెర మీద అరటిచెట్లు, సన్నాయి వచ్చి, సగంలో ఆగి, ఆ కిటికీ కాస్తా మూసుకుపోయింది. కంప్యూటరు మాత్రం దిట్టంగా ఉంది.

ముక్తేశ్వరరావుకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. “తప్పంతా నాది హైమా. ఆ పాతదాన్నే ఉంచి ఉంటే ఈపాటికి నాలుగైదు వందలు ఉండేవి,” అన్నాడు.

“మీదేం తప్పండీ,” అంది. సిగ్నల్ పోయింది.

*

ఇరవై తొమ్మిదో తేదీ ఉదయం వైరస్ ఓడిపోయిందన్న నివేదిక విని విరూపాక్షరావు హడలిపోయాడు. ఆయన భయం హైమావతి గురించి కాదు.

“రెండో పేరా ఏమన్నది? చెక్కుచెదరకుండా! ఆవిడ ఇంట్లో దానికేమన్నా అయివుంటే సంజాయిషీ ఎవరిచ్చుకోవాలి? ముందు దాని ఆరోగ్యస్థితి నిర్ధారించాలి. ఇటు ఇవ్వండి.”

పెన్‌డ్రైవ్ ఆయన చేతిలోంచి ఆయన బల్లమీది కంప్యూటరులోకి వెళ్ళింది.

“వొద్దు సార్!” అని మస్తాన్‌వలి గుమ్మం దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చేలోపే నొక్కడం అయిపోయింది. అరటిచెట్లు వచ్చాయి. సన్నాయి మోగింది. సన్నాయి ఆగలేదు కూడా.

“చూశారా! బ్రహ్మాండంగా పనిచేస్తున్నది!” అన్నాడు విరూపాక్షరావు మురిసిపోతూ. ‘వైరస్ మంచి స్థితిలో ఉన్నట్లు స్వయముగా పరీక్షించి ధ్రువీకరించడమైనది’ అని రాసి సంతకం పెట్టాడు. సిరా ఆరేలోపల హాల్లో ఒక్కొక్క కంప్యూటరే నల్లబడడం మొదలైంది. కోటిలింగానిది మొదట పోయింది. భోజనాల వేళకు ముప్పై కంప్యూటర్లూ చల్లబడ్డాయి. కాగితాలు చూద్దామా అంటే, కిందటేడు జరిగిన కాగితరహిత ఉద్యమంలో అవన్నీ మరమరాల కొట్టుకు వెళ్ళిపోయాయి.

ముప్పైలోగా బదిలీల జాబితా పంపకపోతే విరూపాక్షరావు సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆయన జీవితంలో మొదటిసారి మామూలు తెలుగులో అడిగాడు. “ఇప్పుడేం చేద్దాం, చెంచురామయ్యా?”

“హైమావతమ్మ ఇంట్లో అన్నీ ఉండయ్యి సార్,” అన్నాడు చెంచురామయ్య తల దించుకుని.

మస్తాన్‌వలి మాత్రం ఆశగా, “అదే లినక్స్ మనవాటన్నిట్లో ఎక్కిద్దాం సార్. ఉచితమే. రెండు రోజుల పని,” అన్నాడు.

“ఉచితమా?” విరూపాక్షరావు మళ్ళీ ఈ లోకంలోకి వచ్చాడు. “కనీసం మూడు కొటేషన్లు కావాలి. ఉచితానికి కొటేషన్ ఎవడిస్తాడు? కుదరదు.”

ముప్పయ్యో తేదీ పొద్దున జాబితా హైమావతి ముందుగదిలో, హైమావతి చేతుల మీదుగా తయారైంది. మొదటి పేరు తనది తనే టైపు చేసుకుంది. మనీప్లాంటు కింది ప్రింటరు దగ్గి, ఉత్తర్వు బయటికి తోసింది. విరూపాక్షరావు సంతకం పెడుతూ చివర ఒక వాక్యం చేర్చాడు: ‘ఈ బదిలీ తాత్కాలికము. మూడు నెలలలోగా నమూనా 9-క సమర్పించనియెడల రద్దగును.’

“అంతా అయినాక ఇదేంటి సార్?” అంది ఆవిడ కోపంగానే.

“నియమం నియమమే కదమ్మా,” అన్నాడాయన. “ఇక రెండో సంగతి. మీరు పార్వతీపురం వెళ్తారు. మీ కంప్యూటరు మీ ఆస్తి ప్రకటనలో ఉంది కాబట్టి మీతో వస్తుంది. ప్రాంతీయ కార్యాలయం ప్రస్తుతం ఆ కంప్యూటరులో ఉంది. కావున కార్యాలయం కూడా మీతో వస్తుంది.”

హైమావతి ఇది హాస్యమనుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు.

*

పార్వతీపురంలో ముక్తేశ్వరరావు భార్యకోసం ఇంటికి సున్నం వేయించి, గుమ్మానికి మామిడాకులు కట్టి, లారీకి ఎదురువెళ్ళాడు. లారీలోంచి హైమావతి దిగింది, కుట్టుమిషను దిగింది, కంప్యూటరు దిగింది, ఆ తరువాత విరూపాక్షరావు కుర్చీ దిగింది. వెనక జీపుల్లో ఆయన, చెంచురామయ్య, మస్తాన్‌వలి, రేకు పెట్టె, దాని గార్డులిద్దరు, ఇంకా తొమ్మిదిమంది సిబ్బంది. కలిసివచ్చినవాళ్ళు లాడ్జీల్లో దిగారు. కార్యాలయం మాత్రం ఉత్తర్వు ప్రకారం ఆ రెండుగదుల ఇంట్లోనే దిగింది.

ముందుగది సెక్షన్. పడకగది రికార్డు రూమ్, అధికారివారి చాంబర్ కూడా. ముక్తేశ్వరరావు ‘బయటి వ్యక్తి’ కింద వచ్చాడు. వంటింట్లోకి వెళ్ళాలంటే సందర్శకుల రిజిస్టరులో సంతకం పెట్టాలి. వచ్చిన పని అన్నచోట మొదటిరోజు ‘మంచినీళ్ళు’ అని రాశాడు. రెండోరోజు ‘భార్య’ అని రాస్తే, ఆవిడ సీటులో లేరు, మధ్యాహ్నం భోజన విరామంలో రమ్మన్నారు.

సాయంత్రాలు కూడా ఎవరో ఒకరు ‘పెండింగ్’ పట్టుకుని కూర్చునేవారు. నాలుగేళ్ళు నాలుగొందల మైళ్ళ దూరంలో ఉండి రోజూ ఫోన్లో మాట్లాడుకున్నవాళ్ళు, ఇప్పుడు గోడ అవతల గోడ ఇవతల ఉండి మాట్లాడుకోలేకపోయారు. మూడు నెలల గడువులో పది వారాలు గడిచిపోయాయి. 9-క ఖాళీగానే ఉంది.

అటు చెంచురామయ్య కూడా చిక్కిపోయాడు. “మా ఆడమనిషి ఫోన్లో ఏడస్తా ఉందమ్మా,” అన్నాడొకరోజు. “ముప్పయ్యేళ్ళలో ఒక్క పూట ఇడిచిపెట్టి ఉండలా. ఇట్టా ఉంటదని నాకు తెలవదు. నీ అర్జీలు ఎన్నిసార్లు పక్కన పెట్టానో!”

ఆ మాటకు హైమావతి కోపం కరిగిపోయింది. లేచి తిన్నగా పడకగదిలోకి, అంటే చాంబర్లోకి వెళ్ళింది.

“సార్, ఈ కార్యాలయం మొత్తాన్ని, లినక్స్‌తో సహా, ఒక్క పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తాను. ఒంగోల్లో ఏ కంప్యూటరుకు పెట్టినా లేస్తుంది. మీరంతా ఇళ్ళకు వెళ్ళొచ్చు.”

విరూపాక్షరావు కళ్ళల్లో ఒక్క క్షణం ఇంటి వంకాయ కూర మెదిలింది. వెంటనే అణచుకున్నాడు. “పెన్‌డ్రైవ్ కొనుగోలుకు పెద్దాఫీసు అనుమతి కావాలి. ఉద్యోగి సొంత పెన్‌డ్రైవ్‌లో ప్రభుత్వ కార్యాలయాన్ని ఉంచరాదు. స్టాకులో ఒకటే ఉంది.”

అందరూ రేకు పెట్టె వైపు చూశారు.

“దాంట్లో శుభలేఖ ఉంది సార్,” అన్నాడు మస్తాన్‌వలి. “అది తీసేస్తేగానీ ఇది పట్టదు.”

“తీసేయుటకు అభ్యంతరం లేదు,” అన్నాడు విరూపాక్షరావు నెమ్మదిగా. “చెక్కుచెదరరాదన్నది పెన్‌డ్రైవ్‌కు వర్తింపజేసుకుందాం.”

హైమావతి పెన్‌డ్రైవ్‌ను తన కంప్యూటరుకు పెట్టింది. శుభలేఖను ఎంచుకుంది. నిజంగా తొలగించమంటారా అని కంప్యూటరు ఎప్పటి మర్యాదతోనే అడిగింది. అవునంది. చప్పుడు లేకుండా పోయింది.

గదిలో ఎవరికీ ఏమీ తట్టలేదు. చెంచురామయ్య ఒక్కడే కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, కేక పెట్టినంత పనిచేశాడు.

“అమ్మా! 9-క! బయటికి తియ్యి 9-క!”

ఆవిడ ఏడో కాలమ్‌లో ఒకటి కొట్టింది. ఎర్రగా కాలేదు. ఎనిమిదో కాలమ్‌లో పేరు: శుభలేఖ. పుట్టుపూర్వోత్తరాలు: శాఖవారి పెద్దాఫీసు, ఆషాఢమాసం. ప్రింటరు దగ్గింది. విరూపాక్షరావు సంతకం పెట్టి, ‘ఉద్యమమునకు ఇది విజయము’ అన్నాడు. ఆఫీసు శాలువా ఒకటి తీసి ఆవిడకు కప్పబోతే, ఆ శాలువా కార్యాలయంతోపాటు ఒంగోలుకే చెందుతుందని ఆవిడ వినయంగా తప్పించుకుంది.

మర్నాడు కార్యాలయాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆవిడ కంప్యూటర్లోని లెక్కలు నిబంధన ప్రకారం తుడిపించి, రేకు పెట్టెలో పెట్టి, లక్క సీలు వేశారు. సీలు వేసిన పెట్టె ఒంగోలు పోవడానికి వీల్లేదు, మొదట వచ్చినచోటికే, అంటే పెద్దాఫీసుకే పోవాలన్నారు గార్డులు. సరే, అట్నుంచి తెప్పించుకుందామని జీపులు బయల్దేరాయి.

*

రెండు వారాల తరువాత ఒక ఉదయం చెంచురామయ్య ఒంగోలు నుంచి ఫోన్ చేశాడు. గొంతులో పండగ ఉంది.

“పెద్దాఫీసు నుంచి రసీదు వచ్చిందమ్మా. చదవతా ఉండా, ఇను: ‘మీరు పంపిన వైరస్ అందినది. పరిశీలించగా, తొలుత పంపినదానికిని దీనికిని తేడా ఏమియు కనబడలేదు. బీరువాయందు భద్రపరచడమైనది.’”

“అయ్యో! అంటే ఆఫీసు మొత్తం బీరువాలో ఉండిపోయిందా సార్? మరి పనులు?”

“పొద్దున పదింటికి వస్తన్నాం, అయిదింటికి పోతన్నాం. ఇంతవరకూ ఎవురూ ఏమీ అడగలా,” అని నవ్వాడు. “మా ఆడమనిషి నిన్ను అడిగానని చెప్పమందమ్మా.”

హైమావతి ఫోన్ పెట్టేసి, పడీపడీ నవ్వి, కళ్ళు తుడుచుకుంది. ముందుగదిలో కుట్టుమిషను, కంప్యూటరు, మనీప్లాంటు తప్ప ఎవరూ లేరు. సందర్శకుల రిజిస్టరు ఒక్కటి మరిచిపోయి వెళ్ళారు, అది కిటికీలో ఉంది. ముక్తేశ్వరరావు కాలేజీకి సెలవు పెట్టి, రెండు గ్లాసుల కాఫీతో ఎక్కడా సంతకం పెట్టకుండా వంటింట్లోంచి నడిచొచ్చాడు.

ఆవిడ ఒక గ్లాసు అందుకుని, స్టూలు ఆయన ఎదురుగా లాక్కుని, తీరిగ్గా కూర్చుంది.

“ఇప్పుడు చెప్పండి. ఆ రోజు రైల్లో గొడుగు మరిచిపోయింది ఎవరు?”